సంతరోజు బడి

నా చిన్నప్పుడు మా ఊరి బడి ఎలాంటిదని ఎవరైనా అడిగితే మా నాన్న మాటలతో జవాబు చెప్పేవాడు కాదు. కొట్లోంచే నన్ను కేకేసి, వచ్చినాయన ముందు నిలబెట్టి పదమూడో ఎక్కం చెప్పమనేవాడు. నేను చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పేసేదాన్ని. వచ్చినాయన బాగుందని తలూపేవాడు. బాగున్నది నేనా, బడా అని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో ఆ రెండూ ఒకటే అనుకునేవాళ్లం. కందుల బస్తా మూతి దగ్గర మంచి గింజలు పోసి చూపించే వ్యాపారుల ఇంట్లో పుట్టి కూడా నాకు ఆ సంగతి తట్టలేదంటే, పొగడ్త ఎంత చెడ్డదో చూడండి.

మాది ఒడియా ప్రాంతంలో, నారాయణపట్న దాటి కొండల్లోకి పోయే దారిలో ఒక సంత ఊరు. మా తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి ఉప్పూ బెల్లమూ బట్టలూ బండ్ల మీద తెచ్చి అమ్ముకుంటూ, అక్కడే ఇళ్లు కట్టుకుని ఉండిపోయిన కుటుంబాలు కొన్ని ఉండేవి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కొట్లో కొండవాళ్లతో దేశియా మాట్లాడుకునేవాళ్లం. బడి అంటే రెండు గదుల పెంకుటిల్లు. మాస్టారు ఒక్కరే. కటకం వైపు నుంచి వచ్చిన ఒడియా ఆయన. మన్యం జ్వరంతో వణుకుతూ కూడా దుప్పటి కప్పుకుని వచ్చి పాఠం చెప్పేవారు. పిల్లల మీద చెయ్యెత్తడం నేను ఎన్నడూ చూడలేదు. ఆయన మంచివారు కాదని నేను ఎప్పటికీ అనలేను. ఈ కథలో నాకు కష్టంగా ఉండేది అదే.

బళ్లో ముందు బల్లలుండేవి, వెనక చాపలుండేవి. బల్లల మీద కొట్ల పిల్లలం, చాపల మీద కొండపిల్లలు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మా ఇళ్లు పక్కనే కాబట్టి మేం ముందొచ్చేవాళ్లం. వాళ్లు కొండ దిగి, గెడ్డ దాటి వచ్చేసరికి బల్లలు నిండిపోయి ఉండేవి. నా వెనక చాప మీద ఒక పిల్ల కూర్చునేది. నా బలపం విరిగితే వెనక్కి చెయ్యి చాచేదాన్ని, ఆమె తన బలపం విరిచి సగం నా చేతిలో పెట్టేది. ఎవరిస్తున్నారో తిరిగి చూడాల్సిన పని ఉండేది కాదు. వాళ్లలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. హాజరు పిలిచేటప్పుడు ఒక్కో పేరుకి ముగ్గురేసి పలికేవారు. వాళ్లలో ఎవరు ఎవరో తెలుసుకోవాలని మాకు అనిపించలేదు.

వారానికోసారి సంత. ఆ రోజు చాపలు ఖాళీగా ఉండేవి. కొండపిల్లలంతా తల్లుల వెంట చింతపండూ పసుపూ చీపుర్లూ మోసుకుని సంతకి దిగేవారు. తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చూసుకోవడానికి, సరుకు దగ్గర కాపలా కూర్చోవడానికి వాళ్లు ఉండి తీరాలి. అది బడి ఎగ్గొట్టడమని ఎవరూ అనుకోలేదు. వర్షాకాలంలో గెడ్డ పొంగినట్టు సంతరోజు వాళ్లు రారు, అంతే. మాస్టారికి ఆ రోజంటే ఇష్టం. గది నిశ్శబ్దంగా ఉండేది. కొత్త లెక్క మొదలుపెట్టాలంటే సంతరోజే మొదలుపెట్టేవారు, గొడవ ఉండదు కాబట్టి. మర్నాడు దాన్నే అందరినీ అడిగేవారు. మేం టకటకా చెప్పేవాళ్లం. చాపల మీద వాళ్లు లేచి నిలబడి నేల చూపులు చూసేవారు. ఏం చేస్తాం, వీళ్లకి లెక్కలు ఎక్కవని మాస్టారు నిజంగానే బాధపడేవారు. మేం నవ్వేవాళ్లం. నేనూ నవ్వేదాన్ని, అందరికన్నా కాస్త గట్టిగానే.

ఒక సంతరోజున చెప్పాపెట్టకుండా బళ్ల ఇనస్పెక్టరుగారు దిగారు. సంతకి వచ్చే లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చారట. తెలుగాయన. వాళ్ల తాతముత్తాతలు సంస్థానం కచేరీలో పనిచేశారని ఊళ్లో చెప్పుకునేవారు. తెల్లటి పంచె, పాత కోటు, కోటు జేబులో ఎప్పుడూ వేయించిన శనగలు. పెద్దాయన కాబట్టి పిల్లలమంతా ఆయన్ని తాతగారనేవాళ్లం. మాస్టారి మొహం వెలిగిపోయింది. వస్తే వచ్చారు గానీ మంచి రోజున వచ్చారన్నట్టు నన్ను చూశారు.

నన్ను లేపారు. నేను ఎక్కాలు చెప్పాను, ఒడియా పద్యం చెప్పాను, ఆ పొద్దున్నే మొదలుపెట్టిన భాగహారం నల్లబల్ల మీద చేసి శేషం కింద గీత కూడా గీశాను. తాతగారు బాగుందన్నారు. శనగలు పెడతారని చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన శనగలు తియ్యలేదు. నా వైపు వంగి, తెలుగులో నెమ్మదిగా అడిగారు.

"అమ్మీ, ఈవేళ బడికి ఎవరు రాలేదు?"

"అందరూ వచ్చేరండి."

అబద్ధమాడానని నాకు తెలియదు. ఒట్టేసి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు బడి నిండుగానే కనిపించింది. తాతగారు వెనక్కి చూసి, ఆ చాపలు ఎవరివని అడిగారు. కొండవాళ్లవండి, ఈయేళ సంత కదా అన్నాను. నీ వెనక కూర్చునేదెవరని అడిగారు. నేను ఏదో ఒక వారం పేరు చెప్పేశాను. ఏ ఊరి పిల్ల అన్నారు. తెలియదన్నాను. అక్కచెల్లెళ్లున్నారా, ఎంత దూరం నడిచి వస్తుందని ఇంకేవో అడిగారు. పదమూడో ఎక్కం వచ్చిన నాకు వాటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

తాతగారు మాస్టారి దగ్గర సెలవు తీసుకుని, నా చెయ్యి పట్టుకుని, ఓ ఆటాడదాం రమ్మని సంతలోకి నడిపించారు. నీ బళ్లో పిల్లలందర్నీ నాకు చూపించు, ఒక్కొక్కరికీ గుప్పెడు శనగలు నీ చేత్తోనే పెడుదువు గాని అన్నారు. నాకు సరదా వేసింది. సంతంతా తిరిగాం. చిత్రమేమిటంటే మొదట నాకొక్కరూ కనపడలేదు. పుట్టినప్పట్నించి ఆ సంతలో తిరుగుతున్నదాన్ని, నాకు బుట్టలు కనిపించేవి, బుట్టల వెనక మొహాలు కనిపించేవి కావు. తాతగారు తొందర పెట్టలేదు. చీపుర్ల కట్టల దగ్గర ఒకడు మమ్మల్ని చూసి తల దించుకుంటే, ఆ దించుకోవడాన్ని బట్టి గుర్తుపట్టాను. మర్నాడు బళ్లో అలాగే దించుకుంటారు వాళ్లు. ఆ తర్వాత ఒక్కొక్కరే కనపడసాగారు. ఒక్కొక్కరి చేతిలో గుప్పెడు శనగలు పెట్టుకుంటూ పోయాను.

నా వెనక కూర్చునే పిల్ల ఎక్కడా లేదు. చివరికి మా కొట్టు దగ్గరికొచ్చాం. అక్కడుంది. మా అరుగు మీదే, మా గుమ్మం పక్కనే, చింతపండు గుట్ట ముందు కూర్చుని గింజలు తీస్తోంది. ఒళ్లో పసిపిల్ల నిద్రపోతోంది. వాళ్లమ్మ లోపల తూకం దగ్గర మా నాన్నతో మాట్లాడుతోంది. అంటే ప్రతి సంతరోజూ ఆ పిల్ల మా అరుగు మీదే కూర్చుంటోంది. నేను బడి నుంచి ఎగురుకుంటూ వచ్చి, ఆమెని దాటుకుని లోపలికి పోయి అటుకులు తింటున్నాను.

నన్ను చూడగానే ఆమె చేతులు పావడాకి తుడుచుకుని, మా కొట్లో నేర్చుకున్న తెలుగులో అడిగింది.

"ఈయేళ ఏటి సెప్పేరు?"

తాతగారు ఆమె పక్కనే అరుగు మీద చతికిలబడి, దేశియాలో మెల్లగా మాట్లాడించారు. ఆమె చెప్పింది. సంత మర్నాడు మాస్టారు అడిగేది తనకి తెలియడం లేదట. ఎవరినైనా ముందురోజే అడిగి తెలుసుకోవాలని ఎప్పట్నించో అనుకుంటోందట. నేను ప్రతి సంతకీ పరిగెత్తుకుంటూ లోపలికి పోతానట, అందుకని పిలవలేదట. ఇది ఫిర్యాదులా చెప్పలేదు, గెడ్డలో నీళ్లెక్కువున్నాయని చెప్పినట్టు చెప్పింది. ఈలోపు తల్లి బయటికొచ్చింది. తాతగారు అడిగితే, పిల్లకి చదువు ఎక్కడం లేదని మాస్టారే చెప్పారు కదా, ఇంక మాన్పించేసి పసిదాన్ని చూసుకోమంటానని ఆమె అంది. బుర్ర లేని పిల్లని అంతదూరం నడిపించడం దేనికని ఆమె లెక్క. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో అక్కడున్న వాళ్లలో నాకొక్కదానికే బాగా తెలుసు.

తాతగారు నా వైపు తిరిగి, ఈవేళ చెప్పిన భాగహారం ఆ పిల్లకి చెప్పమన్నారు. నేను అరుగు మీద బొగ్గుతో లెక్క వేశాను. గడగడా చేసేశాను. ఆమె చూసి, ఆ అంకె కిందికెందుకు దించావని అడిగింది. ఎందుకో నాకు తెలియదు. మాస్టారు దించమన్నారు, దించాను. మళ్లీ మొదట్నించి చేశాను, ఇంకా వేగంగా చేశాను. ఆమె మళ్లీ అదే అడిగింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంతలో తల్లి బుట్ట సర్దుకుంది, పొద్దు వాలకముందే కొండెక్కాలంది. ఆ పిల్ల పసిదాన్ని చంకనేసుకుని, వెళ్తూ వెళ్తూ బొగ్గు లెక్క వైపు ఇంకోసారి చూసింది.

అప్పుడు మా నాన్న బయటికొచ్చి, ఇనస్పెక్టరుగారు అరుగు మీద కూర్చున్నారని కంగారు పడి కుర్చీ తెప్పించాడు. ఉండబట్టలేక అడిగాడు.

"మా అమ్మి బాగానే సెప్పిందా బాబూ? మా బడి బాగుంది కదా?"

"మీ అమ్మి బాగానే చెప్పింది. బడి ఎలా ఉందో నాకింకా తెలీదు షావుకారుగారూ. సగం బడి మీ అరుగు మీదే కూర్చునుంది."

నాన్నకి అర్థం కాలేదు. నవ్వాలో వద్దో తెలియక టీ చెప్పాడు. నేను లోపలికి పోయి బస్తాల వెనక కూర్చుని ఏడ్చాను. నన్నెవరూ తిట్టలేదు, అయినా ఏడుపు ఆగలేదు.

కొద్ది రోజులకి బడికి కొత్త ఉత్తరువు వచ్చింది. ఆదివారం బదులు సంతరోజు సెలవు. మొదట కొట్లవాళ్లు గొణిగారు గానీ, సంతరోజు పిల్లలు కొట్లో చేతికందొస్తారని తెలిశాక ఊరుకున్నారు. మాస్టారు ఆ మార్పుకి చిన్నబుచ్చుకోలేదు. కొత్త లెక్క అందరి ముందూ మొదలుపెట్టసాగారు. చాపల మీంచి జవాబులు రావడం మొదలైంది. ఒక్కోసారి నాకన్నా ముందే వచ్చేవి. మాస్టారు ఆనందంతో ఏం చెయ్యాలో తెలియక కళ్లజోడు తీసి పెట్టుకునేవారు. అంతకాలం ఏం పోగొట్టామో ఆయనకీ తెలిసే ఉంటుంది, ఎప్పుడూ పైకి అనలేదు.

నా వెనక చోటు మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. తల్లి అన్నంత పనీ చేసింది. తాతగారు కబురు పెట్టారు, మాస్టారు ఒకరోజు బడి అయ్యాక కొండెక్కి వెళ్లి బతిమాలారు. బుర్ర లేదన్నది మీరే కదా అందట ఆవిడ. ఆయన ఒక్కరే కొండ దిగి వచ్చారు. బలపం విరిగినప్పుడు అలవాటుగా చెయ్యి వెనక్కి పోయేది, పోయి ఊరికే తిరిగొచ్చేది.

సంతరోజున మా అరుగు మీద ఆమె కనిపించేది. నేనిప్పుడు పరిగెత్తేదాన్ని కాదు. పక్కన కూర్చుని, శనగలో బెల్లమో పెట్టి, పలక తెచ్చి చూపించాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఒకటి రెండుసార్లు తెచ్చాను కూడా. ఆమె నవ్వి, పసిదాన్ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకునేది. బాగున్నావా అనేది, మా అమ్మ బాగుందా అనేది. ఈయేళ ఏటి సెప్పేరని మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆమె అడగని ఆ మాట కోసం నేను పెళ్లయి రాయగడ వచ్చేవరకూ ప్రతి సంతకీ ఎదురుచూశాను.

తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను. చిన్న చిన్న సర్కారు బళ్లలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నా, చుట్టుపక్కల బళ్లు ఎలా ఉన్నాయో చూసి చెప్పమని కమిటీవాళ్లు ఏడాదికోసారి పిలుస్తారు. గోడల రంగులూ వంటగదీ టీవీ తెరా చూపిస్తారు. ముందు వరసలో తలదువ్వుకున్న పిల్ల ఒకతె లేచి నాకు గడగడా ఏదో అప్పజెబుతుంది. దాని తల నిమిరి, ఈవేళ ఎవరు రాలేదమ్మా, ఎందుకు రాలేదమ్మా అని అడుగుతాను. కొన్ని బళ్లలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పేస్తారు. కొన్ని బళ్లలో అందరూ వచ్చారంటారు. అలా అన్న పిల్లని చూస్తే నాకు కోపం రాదు, నా చిన్నతనం గుర్తొస్తుంది. వాళ్ల మాస్టార్లతో విడిగా మాట్లాడతాను, రాని పిల్లల ఇళ్లకి నన్నూ తీసుకెళ్లమంటాను.

పై అంకెని కిందికెందుకు దించుతామో చెప్పడం నాకు పంతులమ్మనయ్యాకే వచ్చింది. పదుల్లో పంచగా మిగిలినదాన్ని విడి గింజలుగా మార్చి, ఉన్న గింజల్లో కలిపి మళ్లీ పంచడమే అది, ఇంకేం లేదు. చింతగింజలు పోసి చూపిస్తే ఎంత చిన్న పిల్లకైనా అర్థమవుతుంది. ఉద్యోగమంతా అలాగే చెప్పాను, వెనక కూర్చున్న వాళ్ల దగ్గర మొదలుపెట్టి చెప్పాను. అర్థమైనప్పుడు వాళ్ల మొహాలు విచ్చుకుంటాయి. అప్పుడల్లా నాకు సంతోషం కలగాలి. కలుగుతుంది కూడా. కానీ ఆ వెంటనే, అడిగిన మనిషికి చెప్పలేదు కదా అనిపిస్తుంది.