ఆఖరి వంతు సుభద్ర మేడమ్‌ది

నిన్న పొద్దున వైజాగ్ కోర్టులో ఉన్నాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. లంచ్‌లో చూస్తే మా లా కాలేజీ బ్యాచ్ వాళ్ళవి వరసగా మిస్డ్ కాల్స్. కింద ఒక మెసేజ్.

"సుభద్ర మేడమ్ పోయారు. హార్ట్ ఎటాక్."

ఏ సుభద్ర మేడమ్ అని రిప్లై ఇచ్చాను.

మాకు ఉన్నది ఒక్క సుభద్ర మేడమే.

మొన్న సాయంత్రమే ఫోన్‌లో నన్ను తిట్టారండీ. ఆదివారం అరకు రైలుకి లేట్‌గా వచ్చావంటే నిన్ను వదిలేసి ఎక్కేస్తానన్నారు. దారిలో టైడా స్టేషన్‌లో టీ నీ ఖర్చే అన్నారు. అలా తిట్టిన మనిషి తెల్లారేసరికి లేరంటే ఎలా నమ్మాలి?

నాకు ఇంకా నమ్మకం కుదరడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మేడమ్ మాకు లా ప్రొఫెసర్. తొంభైల చివర్లో ఆవిడకి సబాటికల్ దొరికింది, అంటే రీసెర్చ్ కోసం ఏడాది సెలవు. యూరప్‌లో ఫెలోషిప్ కూడా వచ్చింది. స్వెటర్లు కొనుక్కోమని అందరూ సలహాలిస్తుంటే ఆవిడ ముందు అరకు అవతలి డుంబ్రిగుడ బస్సెక్కారు.

కోర్టుకెళ్ళకుండా అక్కడి కొండ ఊళ్ళలో తగవులు ఎలా తీరతాయో చూడాలట. నేనప్పుడు స్టూడెంట్‌ని. బ్యాగు మోయడానికి వెంట వెళ్ళాను.

మేము వెళ్ళిన ఊరి సభలో ఒక పద్ధతి ఉంది. చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి, పెద్దవాళ్ళు ఆఖర్న. ఎవరికైనా ఒక్కటే వంతు. పెద్దల మాట ముందే వినేస్తే చిన్నవాళ్ళు నోరు విప్పరని అలా పెట్టుకున్నారు.

ఊరి పెద్ద సోమన్న తాత మేడమ్ వయసు అడిగాడు.

మేడమ్ తడుముకోకుండా పదేళ్ళు తగ్గించి చెప్పేశారు.

ఇంకేముంది, ఆవిడ వంతు మొదట్లోనే వచ్చేసింది. అప్పటికి తగవేమిటో కూడా సరిగా తెలియదు. ఏవో రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. అసలు సంగతి బయటపడ్డాక ఎన్నిసార్లు చెయ్యెత్తినా తాతది ఒకటే మాట.

"నీ వొంతు అయిపోనాదమ్మా. కూకో."

క్లాసులో మమ్మల్ని నోరెత్తనివ్వని మనిషి ఆ మధ్యాహ్నమంతా పెదవి కొరుక్కుంటూ కూర్చున్నారు. నేను నవ్వు ఆపుకోలేక కొండవైపు తిరిగిపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అన్నారు, "ఈసారి రెండేళ్ళు ఎక్కువే చెబుతానే."

తర్వాత యూరప్ వెళ్ళారు. అక్కడ ఒక ఇంటర్నేషనల్ సెమినార్‌లో తనే చెయిర్‌పర్సన్. అదే పద్ధతి పెట్టేశారట. రీసెర్చ్ స్టూడెంట్లు ముందు, పేరున్న ప్రొఫెసర్లు చివర. "ఇక్కడా వయసు దాచేవాళ్ళున్నారే" అని నాకు మెయిల్ పెట్టారు. ఆ తర్వాత ఏ దేశం వెళ్ళినా, ఏ మీటింగ్‌లో కూర్చున్నా ఆవిడ మాట్లాడేది ఆఖర్నే.

ఈ ఆదివారం మేం వెళ్ళాల్సింది సోమన్న తాత ఊరి సభకే. కొండ వాలు మీది పొలాలు గెస్ట్‌హౌస్ కోసం బయటివాళ్ళు అడుగుతున్నారు. ఊరి మనిషి ఒకరి పేరున కాగితాలు రాయించుకుంటారట. ఏజెన్సీలో గిరిజనుల భూమి అలా బయటివాళ్ళ చేతికి పోవడానికి చట్టం ఒప్పుకోదు. కానీ ఇద్దామనేవాళ్ళు కొందరు, వద్దనేవాళ్ళు కొందరు. ఊరు రెండుగా చీలిపోయింది. సుభద్రమ్మ వచ్చి చెబితే వింటామని మాత్రం రెండు వైపులవాళ్ళూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఎవరి మాట వింటారు? ఆ పొలాలు పోతే మళ్ళీ రావు. నిన్నటినుంచి నాకు ఇదే భయం.

ఇవాళ పొద్దున సోమన్న తాతకి ఫోన్ చేశాను. కబురు చెప్పాను. సభ వాయిదా వేద్దామా తాతా అని అడిగాను.

"వాయిదా ఏటికమ్మా. నువ్వు రా. నీ వొంతుకి నువ్వు సట్టం సెప్పు."

ఆఖర్న నువ్వే కదా తాతా అన్నాను. ఊళ్ళో ఆయనకంటే పెద్దవాళ్ళు లేరు.

"నాను కాదు. పోయినోలు అందరికన్నా పెద్దోలమ్మా. ఆఖరు వొంతు ఆ యమ్మదే. అందరం మాటాడీసినాక, ఆ యమ్మ కోసం కాసేపు ఊరుకుంతాం. అప్పుడే తేల్సుతాం."

ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి ఏడ్చాను.

పదేళ్ళు తగ్గించుకున్న మా మేడమ్ ఒక్క రాత్రిలో ఊరందరికీ పెద్దయిపోయారు.

ఆదివారం రైలుకి టైమ్‌కే వస్తాను మేడమ్. తాత అడిగితే నా వయసు నిజమే చెబుతాను. చట్టం మీరు నేర్పినట్టే చెబుతాను.

మీ వంతు ఆఖర్న. అందాకా ప్రశాంతంగా ఉండండి.