చందు రాకుండా గెలిచిన ఆటలు

ఇన్నేళ్ళుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. చెబితే పట్టుమని పది మాటలు ఉండవు. మా ఆవిడకి చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా ఆమె లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీ ముందు నోరు విప్పుతున్నాను. దీన్ని ధైర్యం అనుకోకండి.

మాది అమెరికాలో ట్రాయ్ అనే ఊరు. కార్ల కంపెనీలో ఇంజనీరుని. చందు మా అపార్ట్‌మెంట్లలోకి ఒంటరిగా అద్దెకొచ్చాడు. తనదీ మా ఆవిడదీ ఒంగోలు వైపేనని తెలిసిన రోజే ఆమెని అక్కా అన్నాడు. తోబుట్టువులు లేని మనిషి, పొంగిపోయింది. ఏటా దీపావళి వెళ్ళిన రెండోనాడు అతన్ని కూర్చోబెట్టి, తమ్ముడికి అక్క చేతి భోజనమంటూ కొసరి కొసరి వడ్డించేది. అలా నేను బావనయ్యాను. బావ వరస కదా, ఏడిపించే హక్కు నాకేదో పుట్టుకతో వచ్చినట్టు ఉండేవాణ్ణి.

మాకు బేస్‌బాల్ నేర్పింది చందే. అంతకుముందు అది మాకు క్రికెట్‌ని పాడుచేసిన ఆటలా కనిపించేది. మా ఊరి జట్టు ఏళ్ళ తరబడి ఓడిపోతూనే ఉండేది. అయినా అతను ఒక్క ఆట వదిలేవాడు కాదు. ఓడిన రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. అలాంటి జట్టు ఆ ఏడాది ఎలాగో ప్లేఆఫ్స్‌లోకి వచ్చిపడింది. అవతలిది కొమ్ములు తిరిగిన జట్టు. మావాళ్ళు ఒక్క ఆట గెలిచినా గొప్పేనని టీవీలో నవ్వారు. మా స్నేహితులందరికీ మాత్రం రాత్రికి రాత్రి అభిమానం పుట్టుకొచ్చింది. పెద్ద టీవీ మా ఇంట్లోనే ఉండేది, అందరూ అక్కడే చేరారు.

ఐదు ఆటల్లో మూడు గెలిచినవాళ్ళదే సిరీస్. మొదటి రెండూ ఓడిపోయాం. రెండింటికీ చందు మా సోఫాలోనే ఉన్నాడు.

అతను వంటింట్లోకి వెళ్ళినప్పుడు ఎవరో "ఐరన్ లెగ్" అన్నారు. అందరం నవ్వాం. అతను చేరిన కంపెనీ మూతపడింది, కుదిరిన పెళ్ళి తప్పిపోయింది, ఇప్పుడు ఇది. ఓడిన ఆటలన్నీ అతను చూసినవే, నిజమే. ఎందుకంటే అన్ని ఆటలూ చూసింది అతనొక్కడే. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదా? తట్టింది. అయినా, నిన్నగాక మొన్న నేర్చుకున్న ఆటలో, నాకు ఎలాగైనా గెలవాలనిపించింది.

మూడో ఆట రోజు మధ్యాహ్నం ఆఫీస్ పార్కింగ్ నుంచి ఫోన్ చేశాను.

"చందూ, ఏమీ అనుకోకు. ఇవాళ నువ్వు మీ ఇంట్లోనే చూడు."

"అదేంటి బావా? అక్క పులిహోర చేస్తన్నా రమ్మంది."

"సెంటిమెంట్‌రా. నువ్వొస్తే ఓడిపోతున్నాం."

నవ్వాడు.

"నాది ఐరన్ లెగ్గేలే బావా. అసలు టీవీయే ఆన్ చెయ్యను. మీరు గెలవండి."

ఆ మాట అతని చెవిన పడిందని అప్పుడే తెలిసింది. మనం గెలవాలి అనేవాడు ఎప్పుడూ. ఆ రోజు మీరు అన్నాడు. సాయంత్రం మా ఆవిడ చందు ఏడని అడిగింది. ఆఫీసులో పని ఉందట అన్నాను.

గెలిచాం. తరవాతి ఆటా గెలిచాం. ఆఖరిది వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ జనం మధ్య గెలిచాం. ఊరంతా హారన్లు. నేను కార్పెట్ మీద పడి దొర్లాను. అప్పుడు చందు గుర్తుకు రాలేదా? వచ్చాడు. పనిచేసింది, అనుకున్నాను. సిగ్గు లేకుండా అదే అనుకున్నాను.

ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేది! మర్నాడే వచ్చి, "చూశావా బావా, నా తప్పేం లేదు" అని నా వీపు మీద చరిచేవాడు. నేనూ నవ్వేసేవాణ్ణి. గెలవడం వల్ల అతనికి రుజువు దొరికింది. అప్పటిదాకా లోకం సరదాకి అన్న మాటని అతను నమ్మేశాడు. ఆ తరవాత మా గుమ్మం తొక్కలేదు. ఆ దీపావళికి మా ఆవిడ వండి, కంచం పెట్టుకుని కూర్చుంది. రాలేనక్కా అని ఫోన్లో చెప్పాడట. కొన్నాళ్ళకి ఉద్యోగం మారి దేశం ఆ చివరనున్న బాతెల్ వెళ్ళిపోయాడు. ఇవాళ మాట్లాడదాం, రేపు మాట్లాడదాం అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను.

మా ఆవిడకి జబ్బు చేసింది. ఒకసారి చందుని రమ్మనండి అంది. హాస్పిటల్ వరండాలోంచి ఫోన్ చేశాను. అతను ఏడ్చాడు. అక్క కోలుకోవాలి, ఇలాంటప్పుడు నేను రాకూడదు బావా అన్నాడు. నోర్ముయ్యరా, అదంతా వట్టి చెత్త, ఫ్లైట్ ఎక్కు అని అరవాల్సింది. ఎందుకు అరవలేదు? మీ దగ్గర దాచి ప్రయోజనం లేదు. నాకూ భయం వేసింది. వస్తే ఏమవుతుందోనని, ఇంత చదువుకున్నవాణ్ణి, ఒక్క క్షణం నిజంగా భయపడ్డాను. ఆ భయంలోనే సరే అన్నాను.

లోపలికి వెళ్ళాక, కుదరదట అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"నేనేం తప్పు చేశానండీ వాడికి?"

కొందరంతే, నాలుగు డబ్బులు రాగానే మర్చిపోతారు అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మరి చందు పేరు ఎత్తలేదు. అతను రాకపోయినా ఆమె బతకలేదు.

చందుకి చెప్పెయ్యమంటారా? చెబితే, అక్క తన కోసం ఎదురుచూసి, తనని కృతఘ్నుడనుకుని పోయిందని అతనికి తెలుస్తుంది. నా బరువు కొంత తగ్గి, అతని నెత్తిన పడుతుంది. చెప్పకపోతే, తను రాకపోవడమే అక్కకి తను చేసిన మేలని నమ్ముతూ ఉంటాడు. రెండింటిలో ఏది తక్కువ పాపమో నాకు తెలియడం లేదు. ఫోన్ తీస్తాను, పెట్టేస్తాను.

ఆ రోజు ఆమెకి ఇవ్వాల్సిన జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. నువ్వే తప్పూ చేయలేదు. వాణ్ణి రావద్దన్నది నేను.