కంచు రాక్షసుడికి చింతపండు స్నానం

"నిన్ను ఎవలు తోమమన్నరు బాపమ్మా? ఎవలు?"

"మురికి కండ్లకు కనబడితే తోమక, బొట్టు పెట్టి మొక్కాల్నా?"

"అది మురికి కాదు! నేనేసిన రంగు!"

"మురికి రంగేసుడేందే పోరీ? చిలుము పట్టింది, పాచి పట్టింది. ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్ల గట్ల పెడితే చూసినోళ్లు ఏమంటరు?"

"ఆ పాచి పట్టించేటందుకు నాకు ఎండకాలమంత పట్టింది!"

"అమ్మా, జర మెల్లగ," అన్నాడు లోపలినుంచి మా కొడుకు. "పక్కింటోళ్లు గోడ మీద గడ్డాలు పెట్టుకొని ఇంటున్నరు."

నాందేడ్‌లో మా ఇంటి వెనక, బట్టలుతికే బండకు అటువైపు మా మనుమరాలు శ్రావణి, ఇటువైపు నేను. మధ్యలో బండ మీద జానెడు కత్తి పట్టుకుని ఒక కంచు రాక్షసుడు, కొత్త పెళ్లికొడుకులా తళతళలాడుతున్నాడు. ఒక్క మోకాలు మాత్రం బూడిదరంగులో, చర్మం లేచిపోయినట్టు ఉంది. ఆ మోకాలి సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇది చదివాక మీరు మీ ఇళ్లలో నా చేతికి చెంబు కూడా ఇవ్వరు. ఇవ్వకండి. నేనైనా ఇవ్వను.

నేను చదివింది నాలుగో తరగతి దాకా. అయితేనేం, నా ఇంట్లో వస్తువు వృథా పోదు. సబ్బు అరిగి బిళ్లయితే కొత్త సబ్బు వీపుకు అతికిస్తాను. గిన్నెలో మొహం కనబడేదాకా తోముతాను. మా కోడలు నాకు చెప్పకుండా కొత్త స్టీలు డబ్బా కొన్నదంటే, ఆ డబ్బు వృథా కాకుండా దాన్నే అద్దం చేసుకుని తల దువ్వుకుంటాను. అంత కచ్చితం మనిషిని.

అట్లాంటి ఇంట్లో మా శ్రావణికి రాక్షసుల పిచ్చి పట్టింది. కంప్యూటర్లు లేని రోజుల్లో విదేశాలలో భూతాల సినిమాలు తీసేవారట. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్లీ వెంట్రుకవాసి కదిపి ఇంకో ఫొటో. అవన్నీ గబగబా చూపిస్తే బొమ్మ నడిచినట్టు ఉంటుందట.

"అంటే ఒక్క చెయ్యి లేపేటందుకు పూటంత పడ్తది బాపమ్మా," అంది కళ్లు పెద్దవి చేసి.

"మరి గా భూతం అన్నమెప్పుడు తింటది?" అన్నాను. నాకు వచ్చిన సందేహం అదే.

ఆ సినిమాల్లోని భూతాల మాదిరి బొమ్మలు తెప్పించి, వాటిని తనకు నచ్చినట్టు మారుస్తుంది శ్రావణి. ఒకడి చెయ్యి కోసి ఇంకొకడికి పెడుతుంది. కొమ్ములు లేనివాడికి కొమ్ములు మొలిపిస్తుంది. చివరికి రంగులేస్తుంది. మా బీరువా మీద కత్తులు పట్టుకున్న బొక్కల మనుషుల వరుస, అంటే ఒట్టి ఎముకల గూళ్లు, వాళ్ల పక్కన ఒంటికన్నువాడు, వాడి పక్కన తలలు లెక్కపెట్టలేని పాము. మొదట్లో పొద్దున లేవగానే ఆ బొక్కలవాళ్ల మొహాలే కనిపిస్తే నాకు గుండె గుభేలుమనేది. తరవాత తరవాత వాళ్లు కూడా ఇంటి మనుషుల్లాగే, పని చేయకుండా నిలబడి ఉంటారని అలవాటు పడ్డాను.

"గీ బొమ్మలతోని బతుకు ఎళ్తదా? బ్యాంకు పరీక్షకు చదువు," అని రోజూ పోరేదాన్ని.

అప్పుడు పుణె నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేశాడు. ఇల్లంతా ఇట్లాంటి బొమ్మలే నింపుకున్న ఆసామి. శ్రావణి కంచు రాక్షసుడి ఫొటో చూశాడట, తానే వచ్చి తీసుకుపోతానన్నాడు. నచ్చితే ఇంకా బొమ్మలు చేయిస్తాడట.

"ఆయన అచ్చి తీస్కపోతే నీ పని నీది, నేను నోరు తెరువ," అన్నాను. "తీస్కపోకుంటే రాక్షసులందరు అటక మీదికి, నువ్వు బ్యాంకు పరీక్షకు. సరేనా?"

"సరే. ఒట్టా?"

"ఒట్టు."

ఆయన రావడానికి ముందురోజు. దసరా నవరాత్రులు దగ్గరపడ్డాయని ఇంట్లోని ఇత్తడి, రాగి, దేవుళ్లతో సహా వెనక బండ మీదికి చేర్చాను. శ్రావణి రాక్షసుణ్ని చుట్టి పంపడానికి స్పాంజి తేవాలని బజారుకు పోయింది. నా చూపు వాడి మీద పడింది. ఒళ్లంతా పచ్చటి చిలుము, చంకల్లో పాచి, రొమ్ము మీద నల్లటి చారలు. "వెయ్యేండ్లు సముద్రంల నిలబడ్డడు బాపమ్మా," అని శ్రావణి ఒకసారి చెప్పింది. వెయ్యేళ్లు నిలబడితే నిలబడ్డాడు, గోదావరి ఒడ్డున ఉన్న ఊరికి వచ్చాక స్నానం చేయవద్దా?

చింతపండు, బూడిద, కొబ్బరి పీచు. దేవుళ్ల పక్కనే వాణ్నీ కూర్చోబెట్టాను.

పచ్చటి నీళ్లు కాలువ కట్టి పోతుంటే నాకెంత తృప్తో! చంకలు తోమాను. చెవుల వెనక తోమాను. మా కొడుకు చిన్నప్పుడు కూడా ఇంత బుద్ధిగా కూర్చోలేదు. లోపలి కంచు రంగు బయటపడి మెరిసింది. మోకాలి దగ్గర ఇంకాస్త గట్టిగా రుద్దేసరికి కంచు కింద తెల్లగా ఏదో తళుక్కుమంది.

వెండి!

నవ్వకండి. అటూ ఇటూ చూసి, కొంగు నడుముకు బిగించి, ఆ మోకాలి మీద పడ్డాను. పిచ్చిపిల్ల, ఇంట్లో వెండి పెట్టుకుని తెలుసుకోలేదు అనుకున్నాను. నా జన్మలో నేను దేవుణ్ని కూడా అంత భక్తితో తోమలేదు. తోమగా తోమగా తేలింది వెండి కాదు, బొమ్మను పోతపోసిన ముద్ద. ప్లాస్టిక్ బకెట్ అడుగులా ఉంది.

సరిగ్గా అప్పుడే శ్రావణి వచ్చింది. చేతిలోని స్పాంజి చుట్ట కిందపడి దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. ఆ తరవాతి అరుపులు మీరు మొదట్లో విన్నారు.

విననిది ఒకటుంది. అరిచి అరిచి శ్రావణి గొంతు తగ్గింది.

"నిజం చెప్పు బాపమ్మా. పందెం గెలువాల్నని కావాలనే చేసినవ్ కదా?"

పుణె నుంచి వచ్చేవాడు ఆ మురికి చూసి మా పిల్లను తక్కువ చేస్తాడేమో, వద్దంటాడేమో అని తోమాను. పిల్ల గెలవాలనే తోమాను. కానీ ఒక్కనాడైనా "బాగ చేసినవ్ బిడ్డా" అని ఉంటే కదా, ఇప్పుడు చెబితే నమ్మడానికి! సిగ్గుతో చింతపండు చేతులు కొంగులో దాచుకున్నాను.

తరవాత దిద్దుబాటు మొదలుపెట్టాను. అది ఇంకో ఘోరం. చాయ్ డికాక్షన్ కాచి వాడి నెత్తిన పోశాను. పెనం అడుగు మసి తెచ్చి రొమ్ముకు పూశాను. జీవితమంతా మురికి వదలగొట్టినదాన్ని, మురికి పట్టించడం నాకేం తెలుసు? రాక్షసుడు చాయ్ హోటల్‌లో గొడవపడి వచ్చినవాడిలా తయారయ్యాడు.

"బాపమ్మా, నీకు దండం పెడ్త," అంది శ్రావణి. "చేతులు మూట కట్టుకొని ఆడ కూసో."

వాణ్ని కడిగి, బ్రష్షు పట్టి కూర్చుంది. కానీ చిలుము పొర మీద పొర ఆరాలట. అంత వ్యవధి ఏదీ?

తెల్లవారింది. పెద్దమనిషి వచ్చాడు. చాయ్‌లో చక్కెర నేను చూసుకోకుండా వేశాను, నా పరిస్థితి మీరే ఊహించుకోండి. శ్రావణి రాక్షసుణ్ని తెచ్చి బల్ల మీద పెట్టింది. నడుము పైన వెయ్యేళ్ల సముద్రం, నడుము కింద నిన్నటి ఇత్తడి దుకాణం.

"హే కాయ ఝాలం?" అన్నాడాయన, ఇదేమైందని మరాఠీలో.

నన్ను చూపించడానికి ఒక్క వేలు చాలు. శ్రావణి నా వైపు చూడనైనా చూడలేదు. "కుఛ్ నహీ సర్, కామ్ అధూరా హై," అంది. పని సగంలో ఉందట! తప్పు తన నెత్తిన వేసుకుంది పిచ్చిపిల్ల.

నాకు భూమిలోకి పోవాలనిపించింది. "ఝూట్ సాబ్!" అన్నాను లేచి. "మీ ఘాసలా!" అని రుద్దినట్టు చేతులాడించాను. నాకు వచ్చిన మరాఠీ అంతే, మిగతాది తెలుగులోనే వచ్చింది: "నేనే తోమిన. చింతపండుతోని తోమిన. పోరిది ఏం తప్పు లేదు. పచ్చగున్నప్పుడు మస్తుండె."

ఆయన చాయ్ పొలమారేదాకా నవ్వాడు. తరవాత మోకాలి మీద వేలు పెట్టి, చావింటికి వచ్చినవాడిలా తల ఊపాడు. ఇట్లా ఉంటే తీసుకుపోలేనన్నాడు. దీపావళికి మళ్లీ వస్తానని చెప్పి, వెళ్తూ వెళ్తూ శ్రావణితో అన్నాడు: "గందగీ వాపస్ లగావో బేటీ." మురికి మళ్లీ పెట్టమని.

గేటు పడగానే శ్రావణి ఒంటికన్నువాణ్ని చంకలో పెట్టుకుని నిచ్చెన దగ్గరికి నడిచింది.

"ఏడికే?"

"అటక మీదికి. ఆయన తీస్కపోలే కదా. నువ్వే గెలిచినవ్."

"గెలిచినోళ్ల మొకం గిట్లుంటదా?" అన్నాను. "పెట్టు వాణ్ని కింద. బాగ చేసినవ్ బిడ్డా, వాళ్లందర్నీ. నేనే చెడగొట్టిన. నిచ్చెనెక్కు, నేనందిస్త."

చింతపండు డబ్బా అందించాను. బూడిద డబ్బా, పీచు అందించాను. శ్రావణి ఒక్కొక్కటే అటక మీద సర్దింది. మాహూర్ రేణుకమ్మ మీద ఆన పెట్టి రాస్తున్నాను: ఇకముందు ఈ ఇంట్లో ఎంతటి చిలుము కంటపడినా, "ఇది మురికా, పనితనమా?" అని అడగకుండా పీచు ముట్టను.

"బాపమ్మా," అంది శ్రావణి పైనుంచి, "మరి పప్పుచారుకు చింతపండు?"

"టమాటలేస్త. దిగు."

ఆ పూట పప్పుచారులో టమాటాలే వేశాను.