పిన్ని బండి మొహింగా

యాంగోన్‌లో మంచి మొహింగా ఎక్కడ తినాలని ఆఫీసులో కొత్తవాళ్లు అడిగితే, చౌక్తడాలోని ఏసీ హోటలుకే పంపేవాణ్ణి. సేక్కాన్ రేవు దగ్గర మా పిన్ని బండి ఉందని ఏనాడూ చెప్పలేదు. రోడ్డు పక్క బండి మావాళ్లదంటే చులకనైపోతానని భయం.

అమ్మ పోయాక ఆ బండే నన్ను పెంచి, చదివించింది. బియ్యపు సేమ్యా మీద పోసే చేపల పులుసు చిక్కబడ్డానికి అందరూ శనగపిండి కలుపుతారు. పిన్ని వేయించిన ఉలవపిండి కలుపుతుంది. అంత కమ్మటి మొహింగా ఇంకెక్కడా తినలేదు.

మొన్న పొద్దున్న ఆఫీసువాళ్లను అక్కడికే తీసుకెళ్లాను.

"ఏట్రా, ఇంతమందిని ఎంటబెట్టుకొచ్చినావు, సిగ్గు పోనాదేటి?" అంటూ పిన్ని నా గిన్నెలో ఇంకో గుడ్డు వేసింది.

అందరికీ అర్థం కావాలని బర్మా భాషలోనే చెప్పాను: "ఈవిడ నన్ను పెంచిన మా పిన్ని. ఇన్నాళ్లూ నిన్ను దాచిపెట్టాను పిన్నీ, నన్ను క్షమించు."