పళ్ళ మేస్త్రి రాక్షసి

కట్టుడు పళ్ళు చేయటంలో పళ్ళ మేస్త్రికి సాటి రాగలవాడు ఆ వీధిలోనే కాదు, నాలుగు వీధుల అవతల కూడా లేడు. గులాబిరంగు మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నునూ దీపానికి ఎదురుగా పట్టి చూచి మరీ కూర్చేవాడు. దుకాణంలో నోటికొక రేకు డబ్బా చొప్పున అరలనిండా డబ్బాలే. ఒక్కదానిమీదనైనా చీటీ ఉండదు. "పలువరుస చూస్తే మనిషి తెలియడా?" అని ఆయన ధీమా.

అంతటి పనివాడికీ ఆదివారం మధ్యాహ్నం వచ్చేసరికి చేయి తిరిగేది కాదు. దుకాణం మీది గదిలో కూతురు, బామ్మర్ది, ఎదురింటి మందులషాపావిడ బల్లచుట్టూ చేరేవారు. వారు ఆడేది కథ అల్లే ఆట. మేస్త్రి కథ నడపాలి; తక్కిన ముగ్గురూ వ్యోమనౌకలోని ప్రయాణికులై, తామేమి చేస్తారో చెప్పి, పాచికలు వేసి ఫలితం తేల్చుకోవాలి. నౌకలో ఒక రాక్షసి దూరాలి, వీరు హడలిపోవాలి. ఆ హడలే ఎంత వెదకినా దొరకలేదు.

తనకు బాగా తెలిసినవి పళ్ళే గనుక రాక్షసికి మూడు వరుసల పళ్ళు పెట్టాడు. నోటిమాట చాలదని దవడ కూడా చేసి తెచ్చి బల్లమీద నిలబెట్టాడు.

బామ్మర్ది దానిని తిప్పి తిప్పి చూశాడు. "అబ్బ, ఏం పలువరుస బావా! మా పెద్దమ్మకిచ్చెయ్యి, మళ్ళీ పెళ్ళికి ఒప్పుకుంటుంది."

"ఒక్క మచ్చ లేదు అన్నయ్యగారూ! రాక్షసి పూటపూటా తోముకుంటున్నట్టుందే," అన్నది మందులషాపావిడ.

కూతురు మాత్రం నవ్వలేదు. "నాన్నా, నిజం చెప్పనా? బోరు కొడుతోంది. మా ఆఫీసువాళ్ళూ ఈ ఆట ఆడుతున్నారు, రమ్మంటున్నారు. వచ్చేవారం కూడా ఇంతే అయితే అక్కడికి పోతాను."

మేస్త్రికి ఆ మాట ముల్లులా దిగింది. తక్కిన దినాలలో తండ్రీకూతుళ్ళ సంభాషణ "తిన్నావా?" "తిన్నాను" దగ్గరే ఆగిపోయేది. ఆమె ఆయన ఎదుట తీరికగా కూర్చునేది ఈ బల్ల దగ్గరనే.

వారమంతా ఆయనకు బుర్ర తిరిగిపోయింది. పళ్ళు చాలలేదా? ఎక్కువైనవా? చిగుళ్ళ రంగు తప్పా? భయమనేది ఏ పంటి మొదట్లో ఉంటుందో ఆయనకు అంతుపట్టలేదు. బామ్మర్దిని అడిగితే, "పళ్ళూడగొట్టుకోవటానికి ఏ రాయైతేనేం బావా! ఇంకో వరుస తగిలించు," అన్నాడు. తగిలించాడు.

ఆదివారం కథ మొదలైంది. దీర్ఘనిద్రలోనుండి ప్రయాణికులు లేచారు. ఆహారపు గది తలుపు అంచును ఏదో కొరికి ఉన్నది. ఇక దవడ చూపవలసిన ఘట్టమని మేస్త్రి డబ్బా మూత తీశాడు. లోపల దవడ లేదు. కొరికిన గాట్లున్న చిన్న మైనపు పలక ఉన్నది, అంతే. డబ్బా మారిపోయింది!

మింగలేక కక్కలేక దానినే బల్లమీద పెట్టాడు. "తలుపుకి... ఈ గాటు పడింది."

"ఏం కొరికింది?" అన్నది కూతురు.

"తెలియదమ్మా."

"ఎంత ఉంటుంది? ఎలా ఉంటుంది?"

"అదీ తెలియదు."

అది అబద్ధం కాదు. అయినా ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన అలవాటు చొప్పున పలకను వెలుతురుకు పట్టి చూచి, పైకే అనేశాడు: "ఇది రాక్షసి పన్ను కాదే. మనిషిదే."

"నౌకలో ఉన్నది మేం ముగ్గురమేగా బావా," అంటూనే బామ్మర్ది తన పళ్ళను నాలుకతో తడుముకున్నాడు.

పలకమీద ఎడమవైపు కోరపంటి గాటు కొద్దిగా పక్కకు తిరిగి ఉన్నది. అప్పుడు స్ఫురించింది మేస్త్రికి. కూతురు నిద్రలో పళ్ళు కొరుకుతున్నదని కిందటేడు పంటితొడుగు చేసినప్పుడు ఆమెచేత కొరికించిన మైనం ఇది! తల ఎత్తి ఆమె వంక చూశాడు.

"ఏంటి నాన్నా, అలా చూస్తున్నావ్?"

"ఇది నీదేనమ్మా," అన్నాడు, డబ్బా సంగతి చెప్పబోతూ.

కూతురు పలకను అందుకుని మెల్లగా పళ్ళమధ్య పెట్టుకున్నది. గాట్లలో పళ్ళు చక్కగా కూర్చున్నవి. మందులషాపావిడ కుర్చీ వెనక్కు జరుపుకున్నది. బామ్మర్ది చేతిలోని పాచికలు జారిపడ్డవి. ఏమి పడిందో ఎవరూ చూడలేదు.

"అంటే... నిద్రలో లేచింది నేనా?" అన్నది. అడిగినది కూతురో, నౌకలోని ప్రయాణికురాలో ఆయనకు బోధపడలేదు.

"అది కాదమ్మా, అసలు ఈ డబ్బా..."

"చెప్పకు! వచ్చే ఆదివారం దాకా ఒక్క ముక్క చెప్పకు. మామయ్యా, ఏమైంది, అంత దూరం జరిగావ్?"

"నీకు దగ్గరగా ఎవరు కూర్చుంటారే తల్లీ!"

సాయంత్రం మేస్త్రి దుకాణంలోకి దిగి వెదికితే, నాలుగు వరుసల దవడ మరొక డబ్బాలో తళతళలాడుతూ కనిపించింది. చేతిలోకి తీసుకుని రెండుసార్లు టకటకలాడించి చూశాడు. ఆయనకూ నవ్వే వచ్చింది. ఇంత చేస్తే నవ్వారు. ఏమీ చేయకపోతే, పైగా తనకే ఏమీ తెలియకపోతే, బెదిరారు. ఇదెక్కడి చోద్యం?

ఇకమీదట పొరపాటు జరగరాదని, జీవితంలో మొదటిసారి చీటీ చింపి మైనపుపలక డబ్బాకు అంటించాడు. దానిమీద కూతురి పేరు వ్రాయాలో, రాక్షసి అని వ్రాయాలో తోచక, కలం పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.