దూది కింద కన్ను

చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా కూర్చుని దస్తావేజులు రాయడం నా పని. హద్దులు రాయడంలో నాకు తప్పు పోదని కాస్త పొగరు కూడా ఉండేది. నాలుగు రోజులు వదలని జ్వరం వచ్చి, రెండు చెవుల కిందా బుగ్గలు ఉబ్బిన ఉదయం అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేకపోయాను.

మా అత్త నాకు సొంత మేనత్త కూడా. అందువల్ల అల్లుడన్న మర్యాదేమీ ఉండదు. నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పొన్నుక్కు వీంగిరా అబ్బోడా! చిన్నప్పుడు రాలేదు గదా, ఇప్పుడొచ్చినాది."

గవదబిళ్ళలకు మా వైపు అరవ పేరు అది. బంగారం మీద ఆశతో బుగ్గలు ఉబ్బుతాయట, మెడలో గొలుసు పడితే ఆశ తీరి దిగిపోతాయట. నేను నవ్వాను. నవ్వుతూనే మెడ వంచి, ఆమె గొలుసు వేయించుకున్నాను. ఇంకొకరికి అంటుకుంటుందని నన్ను వెనక గదిలో పెట్టి, బయటికి కదలనివ్వలేదు.

నాలుగో నాటికి ఎడమ కన్ను ఎర్రబడింది. కండ్లకలక అనుకుని నా భార్య మందుల షాపులో చుక్కలు తెచ్చి వేసింది. ఇంకో వారానికి, పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పక్క నుంచి కారిపోయాయి. మూతి కుడి వైపుకు లాక్కుపోయింది. పక్షవాతమేమోనని భయపడ్డాను. "గాలి తగిలినాది, ఏం కాదులే" అంది అత్త. కన్ను మూతపడటం లేదని, దుమ్ము పడుతుందని, వీధి చివరి ఆరెంపీ డాక్టరు వచ్చి దూది పెట్టి ప్లాస్టరు అంటించి పోయాడు.

మూడు జబ్బులు, మూడు వైద్యాలు. దూది మార్చేటప్పుడల్లా చూపు మసకగానే ఉండేది. చుక్కల మందు అంటుకుని అలా ఉందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చదువుకున్నవాణ్ని, నా తెలివి అంతవరకే పనిచేసింది.

రెండు వారాలు దాటినా బుగ్గలు దిగలేదు. నా భార్య వాళ్ళమ్మతో పోట్లాడి నన్ను తిరుపతి బస్సెక్కించింది.

అక్కడ చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. ఉబ్బులు ఒత్తి చూసింది, బుగ్గలు పూరించమంది, కనుబొమలు ఎత్తమంది. తర్వాత దూది తీసి, తన అరచేత్తో నా కుడి కన్ను మూసింది.

గదంతా బూడిద రంగయిపోయింది.

"లైటు తగ్గించినారామ్మా?" అన్నాను.

"లేదండీ. అట్లనే ఉంది."

ఒక కన్ను పోతూ ఉంటే మనిషికి తెలియదా? నాకు తెలియలేదు. నా ఒంట్లో, నా ముఖం మీద, నేను అంటించుకున్న దూది వెనకాల అది జరుగుతూ ఉంది. ఆ గదిలో కూర్చుని గట్టిగా అరవాలనిపించింది.

ఆ రోజే కంటి డాక్టరుకూ చూపించారు. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. టీబీ కాదు, క్యాన్సరు కాదు. సార్కాయిడోసిస్ అన్నారు. ఆ పేరు నోరు తిరగడానికే నాకు రెండు రోజులు పట్టింది.

"ఒంటిని కాపాడాల్సిన కణాలే గుంపులు కట్టి చిన్న చిన్న గడ్డలవుతాయండీ. ఎక్కువమందికి ఊపిరితిత్తుల్లో వస్తుంది. మీకు లాలాజల గ్రంథుల్లో, ముఖం నరంలో, కంట్లో వచ్చింది. ఇట్లా రావడం అరుదు. మూడూ ఒకటే జబ్బు" అంది డాక్టరమ్మ. ఆగి, "కన్ను ఎర్రబడిన రోజే వచ్చింటే..." అని, మిగతాది చెప్పకుండా మందుల చీటీ రాసింది.

స్టీరాయిడ్ మాత్రలు, గంటగంటకూ కంట్లో చుక్కలు. సొంతంగా ఆపేయకూడదని మరీమరీ చెప్పారు. మూడు వారాల్లో బుగ్గలు దిగాయి. రెండు నెలలకు మూతి సరిగా వచ్చింది. ఇంట్లో అందరూ బాగైపోయాడన్నారు.

ఒక రోజు వరండాలో కూర్చుని నా భార్యను ఎదురుగా నిలబడమన్నాను. కుడి కన్ను అరచేత్తో మూసుకున్నాను.

"ఎన్ని వేళ్ళు బావా?" అంది.

"మూడు."

"సరిగ్గా సెప్పినావు" అంది వెంటనే.

చెయ్యి తీసి చూశాను. ఆమె ఇంకా చెయ్యి దించలేదు. చూపుతున్నవి రెండు వేళ్ళు.