ఒళ్లో పార

తొంభైల్లో రాజోలు బస్సెక్కాను. పార టాపు మీద వేయమని కండక్టరు ఎంత అరిచినా నా పక్కసీటావిడ వినలేదు. నా పుస్తకంలో గుండె బొమ్మ చూసి, "డాక్టరాండీ?" అంది.

"కాదండీ, పరిశోధన. గుండెలో ప్రతి కణం పక్కదానికి కొట్టుకోమని కబురు పంపుతుంది. కొన్ని రసాయనాలు ఆ దారి మూసేస్తాయి."

"మళ్లీ తెరుచుకోదాండీ?"

"రసాయనం కడిగేస్తే తెరుచుకుంటుందండీ."

"మా ఎగువ చేనాయన నీళ్లు రాకుండా బోదె పూడ్చేసేడండి. అది కడిగితే పోద్దాండీ?" అంటూ పార ఒళ్లోకి లాక్కుంది. "పెద్దమనుషులు ఆగమన్నారండి. వరి ఆగుద్దాండీ?"

తర్వాత ఒకరోజు ల్యాబులో, ఎంత కడిగినా కణాలు కలిసి కొట్టుకోవడం లేదని, ఆ ప్రయోగం ఇక వదిలేయమన్నారు మా గైడు.

ఆయన గది దాటగానే మళ్లీ కడిగాను.